ఈ ఏడాది పాటలు

జూలై రాగానే నాకో అలవాటు. జనవరి నుంచి విన్న రాక్, ఇండీ పాటల్లో మళ్ళీ మళ్ళీ వినాలనిపించినవి ఏవో ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. పదో పన్నెండో తేలతాయి. డిసెంబరు వచ్చేసరికి వాటిలో సగం కొట్టేసి, వేరేవి చేరుస్తాను. మొన్న ఆ పుస్తకం మా అమ్మాయి కంటపడింది. “ఈ లిస్టు నిన్నెవరడిగారు నాన్నా?” అంది.

నన్నెవరూ అడగలేదు. కానీ నేనుంటున్న ఈ ఇంగ్లండులో ఒకాయన ఏటా అడిగేవాడు. జనం పోస్టుకార్డుల మీద జవాబులు రాసి పంపేవారు. ఆయన పేరు జాన్ పీల్. 1967లో బీబీసీ రేడియో 1 మొదలైనప్పటి నుంచి 2004 అక్టోబరులో పెరూ దేశంలో చనిపోయేదాకా అందులోనే పనిచేశాడు. ఎక్కువగా రాత్రి వేళల్లో, మిగతా రేడియో పట్టించుకోని పాటలు వేసేవాడు. పేరూ ఊరూ లేని కుర్రాళ్ళు ఇంట్లో రికార్డు చేసి పంపిన క్యాసెట్లు కూడా వినేవాడు.

1976 చివర్లో ఆయన శ్రోతలను మీకు ఎప్పటికీ ఇష్టమైన పాటలేవో రాయమన్నాడు. వచ్చిన ఓట్లు లెక్కపెట్టి, క్రిస్మస్ రోజుల్లో యాభై పాటలు వరసగా వినిపించాడు. దాని పేరే ‘ఫెస్టివ్ ఫిఫ్టీ’. మన వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ 1952లోనే ‘బినాకా గీత్‌మాలా’ మొదలుపెట్టాడు. ఏడాది చివర వచ్చే పాటల వరస కోసం హిందీ సరిగ్గా రాని తెలుగిళ్ళలో కూడా రేడియో ముందు చేరేవారని మా నాన్న చెప్పేవారు. అక్కడ లెక్కలో రికార్డుల అమ్మకాలు కూడా ఉండేవి. పీల్ దగ్గర శ్రోత రాసిన కార్డే లెక్క.

ఆ మొదటి జాబితాలో మొదటి స్థానం లెడ్ జెపెలిన్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ది. పాట వచ్చి అప్పటికే అయిదేళ్ళు. అదే 1976లో పీల్ రమోన్స్ లాంటి పంక్ బృందాల రికార్డులు వేస్తుంటే పాత శ్రోతలు కొందరు నొచ్చుకుని ఉత్తరాలు రాశారు. ఈయన చెవి ముందుకి పోతోంది, జనం జాబితా వెనక్కి చూస్తోంది.

రెండేళ్ళు తిరిగేసరికి శ్రోతలే మారారు. 1978లో మొదటి స్థానం సెక్స్ పిస్టల్స్ ‘అనార్కీ ఇన్ ద యూకే’ది. సరే, పాతనీరు పోయి కొత్తనీరు వచ్చిందనుకుంటాం. కానీ 1979లో కూడా అదే పాట. 1980లో మళ్ళీ అదే. పాతవాళ్ళను వెళ్ళగొట్టడానికి పుట్టిన పాట తనే పాతదై, కుర్చీ వదలకుండా కూర్చుంది! ‘ఎప్పటికీ గొప్ప పాటలు’ అని అడిగితే ఇదే తంతు. మన దగ్గర కూడా ఘంటసాల, సుశీల అని మొదలెడితే కొత్త గొంతు ఎవరిదీ ఆ గుమ్మం దాటదు. అందులో తప్పు లేదు, అభిమానం అలాంటిది.

1982లో పీల్ రెండు జాబితాలు చేశాడు. ఒకటి ఎప్పటికీ ఇష్టమైన పాటలది, రెండోది ఆ ఏడాది వచ్చిన పాటలది. మొదటిదానిలో మళ్ళీ ‘అనార్కీ’యే. రెండోదానిలో న్యూ ఆర్డర్ ‘టెంప్టేషన్’. ఆ తర్వాత నుంచి, 2000లో ఒక్కసారి తప్పిస్తే, ఏ ఏటి పాటలు ఆ ఏటివే. చూడడానికి చిన్న మార్పు. నా దృష్టిలో మాత్రం ఆయన చేసిన పెద్ద పనుల్లో ఇదొకటి.

ఇక్కడ ‘ఇండీ’ అన్న మాట గురించి చెప్పాలి. ఇప్పుడు ఇండీ అంటే ఒక తరహా గిటార్ మోత అనుకుంటున్నాం. మొదట్లో అది పాట తీరు కాదు, పాట కొట్టుకి చేరే దారి. 1977 జనవరిలో మాంచెస్టర్ కుర్రాళ్ళు బజ్‌కాక్స్ సుమారు 500 పౌండ్లు చేబదులు తెచ్చుకుని ‘స్పైరల్ స్క్రాచ్’ అనే రికార్డు సొంతంగా అచ్చువేసుకున్నారు. మొదట వేసినవి వెయ్యి. అవి అమ్ముడుపోయి ఇంకా ఇంకా వేయాల్సి వచ్చింది. పెద్ద కంపెనీ గుమ్మంలో నిలబడక్కర్లేదని ఊరూరా కుర్రాళ్ళకి అర్థమైంది. 1980 జనవరిలో బ్రిటన్‌లో ఇండీ చార్టు వచ్చినప్పుడు నియమం ఒకటే: రికార్డు పెద్ద కంపెనీల పంపిణీ ద్వారా కాకుండా విడిగా కొట్లకు చేరి ఉండాలి. లోపల ఏ సంగీతమున్నా సరే.

ఆ దారిన వచ్చి అందలమెక్కినవాళ్ళలో ద స్మిత్స్ ముఖ్యులు. ఫెస్టివ్ ఫిఫ్టీలో 1984లో, 1986లో మొదటి స్థానం వాళ్ళదే. గాయకుడు మారిసీ అంటే ఇండీ అభిమానులకు దేవుడితో సమానం. 1992 ఆగస్టులో ఆయన లండన్‌లో వేదిక మీద బ్రిటిష్ జెండా పట్టుకుని కనిపించాడు. అప్పట్లో ఆ జెండాని జాతివాద ముఠాలు తమదిగా చేసుకుని తిరిగేవి. పత్రికలు ప్రశ్నలు వేశాయి. తను జాతివాదిని కానని మారిసీ అంటూ వచ్చాడు. ఒక కొత్త బృందం మాత్రం రికార్డు కంపెనీ ఆఫీసు ముందు ఆయన బొమ్మ తగలబెట్టింది. ఆ బృందం పేరు కార్నర్‌షాప్.

ఈ దేశంలో మనవాళ్ళంటే సందు చివర కిరాణా కొట్టు పెట్టుకునేవాళ్ళు అని ఒక ముద్ర ఉండేది. ఆ ఎగతాళినే పేరుగా పెట్టుకున్నారు. 1991లో లెస్టర్‌లో మొదలైంది. 1972లో ఉగాండా నుంచి ఆసియా వాళ్ళను తరిమేసినప్పుడు, దయచేసి మా ఊరికి రావద్దని అక్కడి పత్రికలో ప్రకటన వేయించిన నగరపాలక సంస్థ ఈ లెస్టర్‌దే. బృందం నాయకుడు టిజిందర్ సింగ్ పంజాబీ కుటుంబంవాడు, 1968లో వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టాడు. అదే ఏడు ఏప్రిల్‌లో ఆ ఊరి ఎంపీ ఇనోక్ పవెల్ వలసవచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం దేశాన్ని కుదిపేసింది. ఇక రికార్డులు వేసిన సంస్థ పేరు ‘వీజా’. రఫ్ ట్రేడ్ అనే లండన్ రికార్డుల కొట్టు పిన్‌కోడ్‌ని కలిపి చదివితే వచ్చిన పేరు అది. కొట్టు పేరున్న బృందానికి కొట్టు చిరునామా ఉన్న కంపెనీ!

1997లో వాళ్ళు ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా’ పాట తెచ్చారు. ఆశా అంటే ఆశా భోంస్లే. తెరమీద ఒకరు పెదవులు కదిపితే వెనక ఇంకొకరు పాడే మన సినిమా పాటల మీద, 45 ఆర్‌పీఎం చిన్న రికార్డుల మీద ప్రేమతో రాసిన తీరుబడి గిటార్ పాట. ఆశ అనే మాటకి అర్థం మనకెవరూ చెప్పక్కర్లేదు. ఆ పేరులోని రెండర్థాలూ తెలుగు చెవికి ఒకేసారి వినపడతాయి. 2007లో ‘చందమామ’ సినిమాలో ఆవిడ తెలుగులో పాడినప్పుడు మనం మురిసిపోయిన గొంతే అది. అదే ఆల్బమ్ చివర్లో బీటిల్స్ ‘నార్వీజియన్ వుడ్’ పంజాబీలో పాడారు. 1965లో ఆ పాట కోసం జార్జ్ హారిసన్ మన సితార్ పట్టాడు. ముప్పై రెండేళ్ళకి పాటే మన వైపు వచ్చింది.

ఆగస్టులో విడుదలైన ‘ఆశా’ బ్రిటిష్ చార్టులో 60వ స్థానం దగ్గరే ఆగిపోయింది. అమ్మకాలనే లెక్క చూస్తే కథ అక్కడితో అయిపోవాలి. కానీ పీల్ శ్రోతలు కార్డులు రాశారు. ప్రసార సమయం చాలక ఆ ఏడు యాభైకి బదులు 31 పాటలే వేశారు. వాటిలో మొదటిది ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా’. మారిసీ పాటలు రెండుసార్లు కూర్చున్న కుర్చీలో, ఆయన బొమ్మ తగలబెట్టినవాళ్ళ పాట కూర్చుంది. ఓటేసినవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషువాళ్ళే అయివుంటారు. వాళ్ళలో ఎందరికి ఆశా భోంస్లే తెలుసు? తెలియకపోయినా పాట నచ్చింది, రాశారు.

1998 ఫిబ్రవరిలో ఫ్యాట్‌బాయ్ స్లిమ్‌గా పేరున్న నార్మన్ కుక్ అదే పాటకి వేగం పెంచి, డప్పు జోడించిన రూపం అసలు చార్టులోనే మొదటికెక్కింది. ‘టైటానిక్’ పాటని దింపి ఒక్క వారం నిలిచింది. చాలామందికి తెలిసినది ఆ రూపమే. నాకు మాత్రం 60 దగ్గర ఆగినదే ఇష్టం.

1997లో కూడా పీల్ ‘ఎప్పటికీ గొప్ప పాట ఏది?’ అని అడిగివుంటే ఈ పాట మొదటికి వచ్చేదా? నాకు అనుమానమే. ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ముందునుంచి ఇంట్లో ఉన్నవాళ్ళ దగ్గరికే పోతుంది. ‘ఈ ఏడాది ఏం విన్నావు?’ అన్న ప్రశ్న అలా కాదు. నిన్న వచ్చినవాడు కూడా అందులో పోటీకి నిలబడొచ్చు. పరాయి దేశంలో బతికేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

పీల్ పోయాక రేడియో 1లో ఆ జాబితా రెండేళ్ళకి మించి నడవలేదు. ఇప్పుడు డాండిలయన్ రేడియో అనే ఇంటర్నెట్ కేంద్రంలో అభిమానులు ఏటా నడుపుతున్నారు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. సగంలో ఫోను చూసుకుంది గానీ, సాయంత్రం నోటుబుక్కు తీస్తే నా జాబితా కింద తన చేతిరాతలో మూడు పాటలున్నాయి. ఒక్కటీ నేను విన్నది కాదు. ఇవాళ రాత్రి వినాలి.