ఆర్థర్ డెన్నీ (1822–1899)

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య తీరమునందలి సియాటిల్ నగరమునకు పునాది వేసిన వలసదారులలో అగ్రగణ్యుడును, దాని పౌరజీవనమునకు దాదాపు అర్ధశతాబ్దము పెద్దదిక్కై నిలిచినవాడును ఆర్థర్ ఆర్మ్‌స్ట్రాంగ్ డెన్నీ. వృత్తిచేత ఆతడు సర్వేయరు, స్వభావముచేతను అంతియే. మితభాషి, మద్యమును ముట్టనివాడు, లెక్క తేలనిదే అడుగు వేయనివాడు.

డెన్నీ 1822 జూన్ 20వ తేదీన ఇండియానా రాష్ట్రమున సేలం పట్టణ సమీపమందు జన్మించెను. ఇల్లినాయ్‌లో పెరిగి, వడ్రంగము నేర్చి, పిమ్మట నాక్స్ కౌంటీకి సర్వేయరుగా పనిచేసెను. 1843లో మేరీ ఆన్ బోరెన్‌ను వివాహమాడెను. తరువాతి కాలమున విధురుడైన ఆతని తండ్రి జాన్, విధవయైన మేరీ తల్లి సారాను పెండ్లాడుటచే ఆర్థర్‌కు అత్తగారే మారుతల్లి యయ్యెను. తమ్ముడు డేవిడ్ సైతము మేరీ చెల్లెలు లూయిసానే చేపట్టెను. మన వరుసలతో లెక్కింప బూనినవారికి ఈ కుటుంబము కొంత తికమక కలిగింపకపోదు.

ఈ కుటుంబములు రెండును 1851 ఏప్రిల్ 10న బండ్లు కట్టుకొని పడమటి దిక్కునకు బయలుదేరి, ఆగస్టు 22న పోర్ట్‌లాండ్ చేరెను. అచ్చట చలిజ్వరము పలువురిని మంచము పట్టించెను. సెప్టెంబరు 2న మేరీ రోలండ్ అను శిశువును ప్రసవించెను. ప్యూజెట్ సౌండ్ అను సముద్రశాఖ యొడ్డున స్థలము చూచి రమ్మని డేవిడ్‌ను ముందుగా పంపి, తక్కినవారు ‘ఎగ్జాక్ట్’ అను చిన్న తెరచాప ఓడ నెక్కి నవంబరు 13న జోరున కురియుచున్న వానలో ఆల్కై అను కొనభూమిపై దిగిరి. డేవిడ్ కాలు గొడ్డలి తగిలి గాయపడియుండెను. ఆతడు కట్టనారంభించిన దుంగల గుడిసెకు ఇంకను పైకప్పు లేదు. స్త్రీలు కంటతడి పెట్టిరని చెప్పుదురు. జ్వరపీడితయైన మేరీకి పాలు పడకపోగా, ఆ తీరవాసులైన ఆదిమజాతి స్త్రీ యొకతె ఆల్చిప్పలను ఉడికించిన రసము శిశువునకు పట్టుమని సూచించినదట. ఆ రసముతో బ్రతికిన రోలండ్ 1939 వరకు జీవించెను. వలసదారుల ధైర్యసాహసములను వర్ణించువారు ఈ ఆల్చిప్పల రసమును కూడ తలచుట న్యాయము.

డిసెంబరులో ‘లియోనెసా’ అను ఓడ రేవుకట్టడములకు కావలసిన దూలములను వెదకుచు ఆల్కైకి వచ్చెను. అడవి ఎంతయైనను కలదు. అమ్ముటకు మార్కెట్టు శాన్‌ఫ్రాన్సిస్కోలో సిద్ధముగ నున్నది. కాని ఆల్కై గాలులకు గుఱియగు చోటు, ఓడలు నిలుచుటకు అనుకూలము కాదు. అందుచే 1852 ఫిబ్రవరిలో డెన్నీ, తన బావమరది కార్సన్ బోరెన్‌తోను తోటి వలసదారు విలియం బెల్‌తోను దోనె యెక్కి, భార్య బట్టలారవేయు త్రాటికి గుఱ్ఱపు లాడములు కట్టి, ఎలియట్ అఖాతపు తూర్పుటొడ్డున నీటి లోతును కొలుచుచు పోయెను. పెద్ద ఓడలు ఒడ్డునకు చేరువగా నిలువదగినంత లోతు దొరకిన చోటనే భూమికి గుర్తులు పాతిరి. ఒక మహానగరపు స్థలనిర్ణయము ఇంత చౌకసాధనముతో జరుగుట చరిత్రలో అరుదు.

కొలది వారములకే వచ్చిన వైద్యుడు డేవిడ్ మేనార్డ్‌కు చోటిచ్చుటకై డెన్నీ, బోరెన్‌లు తమ హద్దులను ఉత్తరమునకు జరుపుకొనిరి. హెన్రీ యెస్లర్ ఆవిరి రంపపు మిల్లు తెచ్చుటతో ఊరికి జీవనాధారము ఏర్పడెను. 1853 మే 23న పట్టణ పటములను దాఖలు చేయుతరి డెన్నీ, బోరెన్‌లు తమ వీధులను తీరరేఖకు సమాంతరముగ గీయగా, మేనార్డ్ దిక్సూచిని అనుసరించి ఉత్తర దక్షిణములుగ గీసెను. ఇరుపక్షములును పట్టు విడువలేదు. ఆ వీధులు నేటికిని యెస్లర్ వీధి దగ్గఱ వంకరగా అతుకుకొనుచున్నవి. ఉద్యోగములకై అచ్చటికి పోయి స్థిరపడిన మన తెలుగువారు ఆ మలుపును గమనించియే యుందురు.

డెన్నీ ఆ ఊరి తొలి పోస్టుమాస్టరు. వాషింగ్టన్ టెరిటరీ శాసనసభలో పలుమార్లు సభ్యుడు, ఒకసారి సభాపతి. 1865 మొదలు 1867 వరకు అమెరికన్ కాంగ్రెసులో టెరిటరీ ప్రతినిధి. 1854లో తొలి శాసనసభయందే ఆతడు స్త్రీలకు ఓటుహక్కు ప్రతిపాదింపగా అది ఒక్క ఓటు తేడాతో వీగిపోయెను. అయితే ఆ ప్రతిపాదన శ్వేతజాతి స్త్రీలకే పరిమితము. తన భూమిలోని గుట్టపై రాజధాని భవనము వెలయవలెనని ఆతడు కోరియుండెను గాని, రెవరెండు డేనియల్ బాగ్లీ నచ్చజెప్పగా విశ్వవిద్యాలయమునకు ఒప్పుకొని, కావలసిన పది యెకరములలో ఎనిమిదికి పైగా తానే దానమిచ్చెను. 1861 నవంబరులో అచ్చట పాఠములు మొదలయ్యెను. 1895లో విద్యాలయము వేఱొక చోటికి తరలినను, నగరమధ్యమందలి ఆ భూమిని అమ్ముకొనక కౌలు కిచ్చి నేటికిని ఆదాయము పొందుచున్నది. నా దృష్టిలో డెన్నీ చేసిన పనులలో ఇదియే శ్రేష్ఠము.

1873లో నార్తర్న్ పసిఫిక్ రైల్వే కంపెనీ తన చివరి స్టేషనుగా టకోమాను ఎన్నుకొనగా, సియాటిల్ వాసులు తామే రైలు వేయ సంకల్పించి డెన్నీని అధ్యక్షునిగా నిలిపిరి. 1874 మే 1న ఊరివారు గునపములు, పారలు పట్టి పనికి దిగిరి. ఆ మార్గము ఉద్దేశించిన వాలా వాలా పట్టణమును ఎన్నడును చేరలేదు. బొగ్గుగనుల వరకు పోయి, ఆ బొగ్గుతోనే ఊరిని పోషించెను.

ఇక ఆతని లెక్కలలో చేరనిది ఒకటి కలదు. వివాహితులకు 320 ఎకరములిచ్చు 1850 నాటి శాసనమును నమ్ముకొని వలసదారులు భూములు పంచుకొనునాటికి ఆ నేల దువామిష్, సుక్వామిష్ జనులది. వారితో పాయింట్ ఎలియట్ సంధి జరిగినది 1855 జనవరిలో. ఊరికి పేరిచ్చిన నాయకుడు సియాటిల్ ఆ సంధిపై గుర్తు పెట్టినవారిలో ఒకడు. మరుసటి యేడు జనవరి 26న కొన్ని తెగలు ఊరిపై దాడి చేసెను. ఇట్లుండ 1866లో దువామిష్‌లకు బ్లాక్ నది చెంత ప్రత్యేక భూమి నిచ్చు యోచనను ఎదిరించుచు వలసదారులు పంపిన మహజరు కాంగ్రెసు ప్రతినిధిగా నున్న డెన్నీ పేరనే వ్రాయబడెను. ఆ భూమి వారికి దక్కలేదు.

డెన్నీ 1899 జనవరి 9న సియాటిల్‌లో మరణించెను. 1888లో ఆతడు ప్రకటించిన ‘పయొనీర్ డేస్ ఆన్ ప్యూజెట్ సౌండ్’ చిన్న గ్రంథము, అలంకారరహితము, తేదీల విషయమున శ్రద్ధగలది. సియాటిల్ చరిత్ర తెలియగోరు పాఠకులు దానిని, పాయింట్ ఎలియట్ సంధిపత్రమును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట మంచిది.