కొండవాగుల కాడిస్ ఈగలు: ఒక కీటక క్రమాన్ని గుర్తించిన చరిత్ర

ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1876లో వివరించిన ఆరు జంతు భౌగోళిక మండలాలను గత యూనిట్‌లో చదివారు. ఆయన ఆ విభజనకు ప్రధానంగా క్షీరదాలను, పక్షులను ఆధారం చేసుకున్నాడు. అవే మండలాలను నీటిలో పెరిగే ఒక చిన్న కీటకం వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో ఈ యూనిట్‌లో తెలుసుకుందాం.

తూర్పు కనుమల్లో నీరు ఎండని ఏ వాగులోనైనా పారే నీటి అడుగు నుంచి ఒక రాయి తీసి తిరగేయండి. ఇసుక రేణువులతోనో, ఆకు ముక్కలతోనో, చిన్న పుల్లలతోనో కట్టిన గొట్టం లాంటి గూడు రాతికి అంటుకుని కనిపించవచ్చు. దానిలోంచి తల బయటపెట్టి కదిలే పురుగు కాడిస్ ఈగ డింభకం. కొన్ని కుటుంబాల డింభకాలు ఇలాంటి గూడు కట్టవు. అవి రాళ్ల సందుల్లో పట్టు వల పన్ని, ప్రవాహంలో కొట్టుకొచ్చే ఆహారాన్ని పట్టుకుంటాయి. గూటికైనా వలకైనా వాడేది పట్టే. పట్టుపురుగు చేరిన లెపిడోప్టెరా క్రమానికి ఇవి అతిదగ్గరి బంధువులు. తేడా ఏమిటంటే ఇవి పట్టును నీటి అడుగున తీస్తాయి. ప్రౌఢ కీటకం చూడటానికి చిన్న చిమ్మట లాగే ఉంటుంది. చిమ్మట రెక్కల మీద పొలుసులుంటే దీని రెక్కల మీద సన్నని రోమాలుంటాయి.

లిన్నేయస్ 1758లో వీటిని న్యూరోప్టెరా క్రమంలో చేర్చాడు. 1813లో ఇంగ్లండుకు చెందిన విలియం కిర్బీ వీటికి ప్రత్యేక క్రమం ఏర్పరచి ట్రైకోప్టెరా అని పేరుపెట్టాడు. రోమాల రెక్కలు గలవి అని ఆ గ్రీకు మాటకు అర్థం. అప్పటికీ ఈ పురుగుల గూళ్లు పండితులను బోల్తా కొట్టిస్తూనే ఉన్నాయి. అమెరికాలో నత్తల నిపుణుడిగా పేరున్న ఐజాక్ లీ 1834లో ఇసుకతో కట్టిన ఒక మెలికల గవ్వను కొత్త నత్తజాతిగా వర్ణించాడు. అది నిజానికి హెలికోసైకీ ప్రజాతి కాడిస్ డింభకం కట్టిన గూడు. లీని చూసి నవ్వడం తేలికే. కానీ ఆ గూటిని చేతిలో పెట్టుకుని చూస్తే మీరూ నత్త అనే అంటారు.

అదే 1834లో జెనీవాలో ఫ్రాన్సువా జూల్ పిక్టే ఈ కీటకాల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. డింభకాలను, ప్యూపాలను, ప్రౌఢ కీటకాలను కలిపి అధ్యయనం చేసిన తొలి గ్రంథాల్లో అది ముఖ్యమైనది. తర్వాత లండన్‌లో రాబర్ట్ మెక్‌లాక్‌లన్ 1874 నుంచి 1880 వరకు భాగాలుగా వెలువరించిన ఐరోపా కాడిస్ ఈగల గ్రంథం జాతి నిర్ధారణకు పునాది వేసింది. రెక్కల రంగు కంటే మగ కీటకం పొత్తికడుపు చివరి జననాంగ నిర్మాణం నమ్మదగిన లక్షణమని ఆ పరంపర స్థిరపరచింది. నేటికీ జాతిని నిర్ధారించేది ఎక్కువగా దానితోనే. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది: వాగులో మనకు దొరికేది డింభకం, పేరున్నది మగ ప్రౌఢకీటకానికి. ఆసియాలో చాలా జాతుల విషయంలో ఈ రెండింటినీ ఇంకా ఎవరూ జతపరచలేదు. ఈ విషయం గుర్తుంచుకోండి, సంరక్షణ దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

మన ఉపఖండపు కాడిస్ ఈగలను మొదట వర్ణించినవారు ఇక్కడి వాగులు చూడనివారే. హెర్మన్ హాగెన్ 1858లో సిలోన్ కీటకాల గురించి రాసింది సేకరించి పంపిన నమూనాలను చూసి. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పోగుపడిన నమూనాలను రష్యన్ శాస్త్రవేత్త ఆంద్రేయ్ మార్తినోవ్ పరిశీలించాడు. ఆయన వ్యాసాలు 1935, 1936లలో ఆ మ్యూజియం పత్రికలోనే అచ్చయ్యాయి. ఆ దశకంలోనే లండన్ బ్రిటిష్ మ్యూజియం నుంచి మార్టిన్ మోస్లీ భారతీయ జాతుల మీద రాశాడు. మోస్లీ ఈ కీటకాల దగ్గరికి వచ్చిన దారి వేరు. ఆయన గాలం వేసే మనిషి. ట్రౌట్ చేపలు తినే ఈగలను అనుకరిస్తూ ఎర తయారుచేయాలంటే ఆ ఈగలు తెలియాలి. ఆ అవసరంలోంచే 1921లో జాలరుల కోసం కీటకశాస్త్ర పుస్తకం రాశాడు. ఇంగ్లండులో కాడిస్ ఈగల అధ్యయనం వినోదంలోంచి శాస్త్రంలోకి వచ్చింది. మన దగ్గర ఆ వినోదం లేదు, శాస్త్రం ఆలస్యమైంది.

ఈ చిత్రాన్ని మార్చినవాడు ఫెర్నాండ్ ష్మిడ్. స్విట్జర్లాండులో పుట్టిన ఈయన 1950వ దశకంలో పాకిస్తాన్, సిలోన్‌లలో, తర్వాత భారతదేశంలో, ముఖ్యంగా హిమాలయ, ఈశాన్య ప్రాంతాల్లో సంవత్సరాల తరబడి తిరిగి స్వయంగా సేకరించాడు. అనంతరం కెనడాలో స్థిరపడి వందలాది కొత్త జాతులను వర్ణించాడు. 1970లో వచ్చిన ఆయన రయాకోఫిలా ప్రజాతి గ్రంథం నేటికీ బల్ల మీద ఉండవలసిందే. నా దృష్టిలో భారతీయ ట్రైకోప్టెరా శాస్త్రాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి ఆయనే. అయితే ఆయన వర్ణించిన జాతుల మూల నమూనాల్లో పెద్ద భాగం ఒట్టావాలో, మోస్లీవి లండన్‌లో ఉన్నాయి. తాను పట్టింది కొత్త జాతా, పాతదా అని తేల్చుకోవాలంటే మన విద్యార్థి ఆ నమూనాలతో పోల్చుకోవాలి. పటియాలా విశ్వవిద్యాలయంలో ఆ తర్వాత సాగిన కృషి హిమాలయ జాతుల విషయంలో ఈ దూరాన్ని కొంత తగ్గించింది. ద్వీపకల్పం, అందులోనూ తూర్పు కనుమలు, ఇంకా వెనకబడే ఉన్నాయి.

ఇక భౌగోళిక వ్యాప్తి. 2019లో ప్రచురితమైన లెక్క ప్రకారం ప్రపంచంలో సజీవంగా ఉన్న కాడిస్ ఈగలు 16,266 జాతులు, 618 ప్రజాతులు, 51 కుటుంబాలు. జాతుల సంఖ్యలో అన్ని మండలాల కంటే ముందున్నది మనం ఉన్న ఓరియంటల్ మండలమే. భారతదేశంలోనే వెయ్యికి పైగా జాతులున్నాయి. ఇంత వైవిధ్యానికి ఒక ముఖ్య కారణం ఈ కీటకపు జీవన విధానంలో ఉంది. చాలా జాతుల డింభకానికి చల్లని, ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్న ప్రవాహం కావాలి. ప్రౌఢకీటకం కొద్ది రోజులో, వారాలో మాత్రమే బతుకుతుంది, చాలావరకు నీటి ఒడ్డు వదిలి దూరం పోదు. అందుచేత ఒక కొండ మీది జాతికి పక్క కొండ కూడా పరాయి దేశమే. ఐరోపా పర్వతాల్లో డ్రూసస్ ప్రజాతి జాతులు ఇలాగే కొండకొకటిగా విడిపోయాయి.

ఇల్లినాయిస్‌కు చెందిన హెర్బర్ట్ రాస్ 1956లో కొండవాగుల కాడిస్ ఈగల పరిణామం మీద రాసిన పుస్తకం ఈ వ్యాప్తిని వంశవృక్షంతో కలిపి చదివింది. ముందు బంధుత్వం తేల్చి, ఆ తర్వాతే ఏ ఖండం నుంచి ఏ ఖండానికి వెళ్లిందో అడగాలన్నది ఆయన పద్ధతి. శిలాజాలు ఈ ప్రశ్నను ఇంకాస్త చిక్కుపరుస్తాయి. హాంబర్గ్‌కు చెందిన గియోర్గ్ ఉల్మర్ 1912లో బాల్టిక్ అంబర్‌లో చిక్కుకున్న కాడిస్ ఈగలను వర్ణించాడు. వాటిలో స్టెనోసైకీ ప్రజాతి ఉంది. నేడు ఈ ప్రజాతి జాతుల్లో అత్యధికం హిమాలయాల నుంచి జపాన్ వరకు ఉన్న ఆసియా నదుల్లో ఉన్నాయి. ఐరోపాలో ఒక్కటీ లేదు. జపాన్‌లోని నాగానో ప్రాంతంలో దీని డింభకాలను సోయా సాస్‌లో వండుకుని తింటారు కూడా. ఈనాటి పటం మాత్రమే చూసి స్టెనోసైకీ ఆసియాది అని రాసేస్తే, కోట్ల ఏళ్లనాటి ఐరోపా వాగు మనల్ని తప్పుపడుతుంది.

మన ద్వీపకల్పం విషయానికి వస్తే సుందర్‌లాల్ హోరా సాత్పురా పరికల్పనను తలచుకోవాలి. పడమటి కనుమల కొండవాగు చేపలకు మలయా చేపలతో ఉన్న పోలికను వివరించడానికి, అవి వింధ్య సాత్పురా కొండల మీదుగా వచ్చి ఉంటాయని 1940వ దశకంలో ఆయన వాదించాడు. ఆ వాదనపై విమర్శలు చాలా వచ్చాయి. కాడిస్ ఈగలతో దాన్ని పరీక్షించవచ్చు, ఎందుకంటే వీటికి కూడా కొండవాగే ఇల్లు. తూర్పు కనుమలు ఇందుకు మంచి పరీక్షాస్థలం. అవి ఒకే గోడలా లేవు, గోదావరి, కృష్ణ వాటిని కోసుకుని సముద్రం చేరాయి. పాపికొండలకు అటూ ఇటూ ఉన్న వాగుల్లో ఒకే జాతులున్నాయా, వేరువేరా అనేది శ్రమపడితే జవాబు దొరికే ప్రశ్నే.

సంరక్షణ చరిత్రలో ఈ కీటకాలు ముందుగా కొలబద్దగా ప్రవేశించాయి. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1908, 1909లలో నీటి జీవులను బట్టి కాలుష్యాన్ని అంచనావేసే పద్ధతిని రూపొందించారు. నేటి నీటి పరీక్షల్లో మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్ ఈగల లెక్క ప్రధానమైనది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జీవ ప్రమాణాల్లోనూ ఇవి ఉన్నాయి. అయితే అక్కడ మార్కులు వేసేది కుటుంబ స్థాయిలో. ఇది ఎందుకు చాలదో రైన్ నది చెబుతుంది. ఆ నదికే పరిమితమైన హైడ్రోసైకీ టోబియాసి అనే జాతికి హన్స్ మాలికీ 1977లో పేరుపెట్టాడు. అది ఇప్పుడు అంతరించిన జాతుల జాబితాలో ఉంది. 1986 నవంబరు 1న బాసెల్ దగ్గర రసాయనాల గోదాము తగలబడి విషం నదిలో కలిశాక రైన్ దేశాలు గట్టిగా కదిలాయి, నీరు బాగుపడింది. అదే ప్రజాతికి చెందిన మరో జాతి, హైడ్రోసైకీ కాంటుబెర్నాలిస్, నదిలో విస్తారంగా పెరిగింది. కుటుంబం పేరుతో లెక్కించినవారికి హైడ్రోసైకిడే ఉంది, మార్కు పడింది. పోయిన జాతి ఆ కాగితం మీద ఎక్కడా పోలేదు.

పడమటి కనుమల మంచినీటి జీవుల స్థితిపై 2011లో వెలువడిన అంచనా చేపలను, నత్తలు ఆల్చిప్పలను, తూనీగలను, నీటి మొక్కలను పరిశీలించింది. కాడిస్ ఈగలు అందులో లేవు. ఏ జాతి ఎక్కడుందో తెలియకుండా దాన్ని ప్రమాదంలో ఉందనో లేదనో చెప్పలేం. తూర్పు కనుమల్లో ఇప్పుడు పంప్డ్ స్టోరేజి విద్యుత్ పథకాలు ప్రతిపాదనలో ఉన్నాయి. వాగు జలాశయమైతే ప్రవాహం ఆగుతుంది, అడుగున ఒండ్రు పేరుతుంది, రాతికి అంటుకుని బతికే డింభకానికి చోటుండదు. పర్యావరణ నివేదికలో కాడిస్ ఈగలు అన్న ఒక్క మాటతో సరిపెడితే, ఆ వాగుకే పరిమితమైన జాతి ఉన్నా రైన్ కథలో లాగే కాగితం మీద కనిపించదు.

నేను ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో మా ప్రయోగశాల అలమరలో ఒక సీసా ఉండేది. కాడిస్ పురుగు అని చీటీ. ఏ వాగులోది, ఎప్పుడు, ఎవరు పట్టారు, ఏమీ లేదు. ఇరవై డింభకాలు ఫార్మలిన్‌లో తెల్లబడి, ఎవరికీ ఏదీ చెప్పలేక పడి ఉన్నాయి. మీ క్షేత్ర పర్యటనలో చీకటిపడే వేళ వాగు ఒడ్డున తెల్ల గుడ్డ కట్టి అతినీలలోహిత దీపం వెలిగించండి, మొదటి రెండు గంటల్లో వాలిన వాటిని పట్టి 80 శాతం ఆల్కహాల్‌లో వేయండి. వాగు పేరు, గ్రామం, ఎత్తు, తేదీ, సేకరించినవారి పేరు పెన్సిల్‌తో రాసిన చీటీని సీసా లోపలే ఉంచండి. బయట అంటించినది రాలిపోతుంది.