ఉభయకుశలోపరి

మొన్న మా అమ్మాయి హాస్టలు నుండి తన తాతగారికి వాట్సాప్‌లో "ఫోన్ చెయ్యి తాతయ్యా" అని ఒక్క ముక్క పంపింది. మా నాన్నగారికి చేతులు వణికాయి. అయినా తేరుకుని "సరే." అని జవాబిచ్చారు. ఆ చుక్క చూసి అమ్మాయి నన్నడిగింది: "తాతయ్యకు నామీద కోపమొచ్చిందా?"

ఇద్దరి భయాలకూ చరిత్ర ఉంది.

నాన్నగారి తరానికి పొట్టి సందేశమంటే తంతి. మాటకింత అని రుసుము కనుక అత్యవసరమైతేనే ఇచ్చేవారు. పండుగ, పెళ్ళి శుభాకాంక్షలకైతే అంకెలుండేవి. అంకె పంపితే అవతలి ఆఫీసువారు పూర్తి వాక్యం వ్రాసి ఇచ్చేవారు. అంకె లేని పొట్టి తంతి ఇంటికొస్తే, విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. 2013 జూలైలో మనదేశంలో తంతి ఆగిపోయింది. ఆ భయం మాత్రం ఆగలేదు.

నా తరం ఎస్సెమ్మెస్ తరం. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్ళింది. ఒక సందేశంలో ఆంగ్లాక్షరాలు 160 పట్టేవి. యూనికోడ్ తెలుగులో వ్రాస్తే 70 మాత్రమే. పైగా కంటికి ఒక్క అక్షరమైన "స్త్రీ" లెక్కకు ఆరు! అందుకే మేము తెలుగును ఆంగ్లాక్షరాల్లో, అచ్చులు మింగేసి వ్రాశాము. హద్దు తొలగినా ఆ పొదుపు మాకు పోలేదు.

మా అమ్మాయి తరానికి హద్దే లేదు. వాళ్ళకు సందేశం ఉత్తరం కాదు, మాట. పంపడమే విరామం; ఇక చుక్క పెడితే అది ముఖం ముడుచుకోవడమే. అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయం వారు 126 మంది విద్యార్థులతో జరిపి 2015లో వెల్లడించిన పరిశీలనలో, చుక్కతో ముగిసిన పొట్టి జవాబు మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు తోచలేదని తేలింది. అదే జవాబు చేతివ్రాత చీటీలో ఉంటే చుక్క వల్ల తేడా రాలేదు.

చుక్క పెట్టడం మర్యాదని నాన్నగారి పట్టు. కానీ మన తాళపత్రాల్లో ఆ చుక్క లేదు, మాటల నడుమ ఖాళీ కూడా లేదు. అది అచ్చుయంత్రంతోపాటు ఆంగ్లం నుండి వచ్చింది. పెద్దల మర్యాద కూడా ఒకనాటి కొత్త అలవాటే.

అయితే పాత ఉత్తరాల్లో ఒకటి నాకు విలువైనదిగా కనిపిస్తుంది. "ఉభయకుశలోపరి" అన్నమాట అలంకారం కాదు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాము, ఆపైన విషయం అని. చదివేవారి గుండెదడ ముందు తగ్గించి, ఆ తరువాతే సంగతి చెప్పడం.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. నవ్వి ఊరుకుంది. నిన్న తాతగారికి పంపిన సందేశం నాన్నగారే నాకు చూపించారు: "ఏమీ కాలేదు, కంగారుపడకు తాతయ్యా. ఖాళీ ఉన్నప్పుడు ఫోన్ చెయ్యి"

చివర చుక్క లేదు. నాన్నగారు దాన్ని గమనించనేలేదు.