నిమ్మాడ ఎంపీ పేరు మీద ఎన్ని బిల్లులు? ఆ లెక్కను ఎలా చదవాలి

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలం నిమ్మాడ పేరు ఢిల్లీలో మూడు దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది. కింజరాపు ఎర్రన్నాయుడు 1996 నుంచి వరసగా నాలుగుసార్లు శ్రీకాకుళం ఎంపీగా గెలిచారు. ఆయన కొడుకు రామ్మోహన్ నాయుడు 2014, 2019, 2024లో గెలిచారు. 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉన్నారు. "మన ఎంపీ ఏం బిల్లులు పెట్టాడు?" అన్న ప్రశ్న విద్యార్థుల నుంచి మాకు తరచూ వస్తుంది. మంచి ప్రశ్నే. అయితే జవాబు చదవాలంటే ముందు ఒక తేడా తెలియాలి.

పార్లమెంటులో బిల్లులు రెండు రకాలు. మంత్రి పెట్టేది ప్రభుత్వ బిల్లు. మంత్రి కాని సభ్యులు, అధికార పక్షం వారైనా సరే, పెట్టేది ప్రైవేటు మెంబర్ బిల్లు. రామ్మోహన్ నాయుడు పదేళ్లు రెండో రకం బిల్లు పెట్టే హక్కున్న సభ్యుడు. మంత్రి అయిన రోజు నుంచి ఆ హక్కు లేదు. ఇప్పుడు ఆయన పేరు మీద కనిపించే బిల్లులు మంత్రివర్గానివి. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ బిల్లు (2024) అలాంటిదే. విమానాలను లీజుకిచ్చే సంస్థల హక్కులకు సంబంధించిన 2025 బిల్లు కూడా అంతే. రెండూ చట్టాలయ్యాయి. ఒక సభ్యుడి సొంత ఆలోచన ఏమిటో వీటి నుంచి తెలియదు.

అమెరికా కాంగ్రెస్‌లో ఒకరు పెట్టిన బిల్లుకు పదుల మంది సహ ప్రతిపాదకులుగా పేరు రాయించుకుంటారు. ఎంతమంది చేరారన్నదే అక్కడ ఒత్తిడి. మన దగ్గర ఆ పద్ధతి లేదు, బిల్లు ఒక్కరి పేరు మీదే వస్తుంది. కాబట్టి "మా ఎంపీ ఆ బిల్లుకు మద్దతు ఇచ్చాడు" అని ఎవరైనా అంటే ఆధారం అడగండి. చర్చలో మాట్లాడారా? ఓటు వేశారా? అవి రికార్డులో ఉంటాయి.

ప్రైవేటు బిల్లు దారి ఇరుకు. నెల ముందు నోటీసు ఇవ్వాలి, ఉద్దేశాలూ కారణాలూ రాసి జతచేయాలి. లోక్‌సభలో వీటికి దొరికేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు, అదీ ప్రైవేటు తీర్మానాలతో పంచుకోవాలి. శుక్రవారం సాయంత్రం సభ్యులు సొంత ఊళ్లకు బయలుదేరే వేళ అని వేరే చెప్పక్కర్లేదు. ప్రవేశపెట్టిన వాటిలో ఏది చర్చకు రావాలో లాటరీ తేలుస్తుంది. స్వతంత్ర భారతంలో చట్టాలైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే. చివరిది 1970లో.

డబ్బు ఇమిడి ఉంటే ఇంకో గోడ. ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లును సభ పరిశీలించాలంటే 117(3) అధికరణ కింద రాష్ట్రపతి సిఫారసు కావాలి. ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్‌కు ఆంధ్రప్రదేశ్‌లో 2013 నుంచి చట్టం ఉంది. కేంద్రంలో లేదు. ఒక ఎంపీ దాని కోసం ప్రైవేటు బిల్లు పెడితే మొదట తగిలేది ఈ గోడే. కె.వి.పి. రామచంద్రరావు ప్రత్యేక హోదా కోసం రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు 2016లో ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకోండి: అది ద్రవ్య బిల్లు అన్న అభ్యంతరం దగ్గర.

మరి ఇంత శ్రమ ఎందుకు? మన చరిత్రలోనే జవాబుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో 1928లో మహర్ వతన్ మీద, 1937లో బొంబాయి అసెంబ్లీలో ఖోతీ భూస్వామ్యం మీద బిల్లులు పెట్టారు. ఆయన అప్పుడు మంత్రి కాదు. రెండూ ఆనాడు నెగ్గలేదు. ఖోతీ రద్దు చట్టం 1949లో, గ్రామ వతన్ల రద్దు చట్టం 1958లో వచ్చాయి. మన వైపు చూస్తే, టెక్కలి ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ శాసనసభలో దళిత నాయకుడు ఎం.సి. రాజా 1938లో తెచ్చిన బిల్లు, బావులు, రోడ్లలాంటి చోట్ల అంటరానితనాన్ని నిషేధించే చట్టమైంది. అదే ఏడాది ఆయన ఆలయ ప్రవేశ బిల్లుకు మాత్రం రాజాజీ ప్రభుత్వం మద్దతివ్వలేదు, అది వీగిపోయింది. బావి దాకా సరే, గుడి దాకా వద్దు. ఆనాటి పాలకుల హద్దు ఎక్కడుందో ఆ రెండు ఓట్లు చూపిస్తాయి. ఈ కాలంలో తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లు 2015 ఏప్రిల్‌లో రాజ్యసభలో నెగ్గింది. చట్టం కాలేదు కానీ, ప్రభుత్వం సొంత బిల్లుతో ముందుకు రాక తప్పలేదు.

మేము నిమ్మాడ నుంచి ఈ మాట మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో ఎస్సీలకు నాలుగు: అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. ఇచ్ఛాపురం నుంచి తీరం వెంట అమలాపురం దాకా ఒక్కటీ లేదు. 2022లో జిల్లాలు విడదీశాక రాజాం విజయనగరానికి, పాలకొండ మన్యం జిల్లాకు వెళ్లాయి. నేటి శ్రీకాకుళం జిల్లాలో ఒక్క రిజర్వుడు అసెంబ్లీ స్థానం కూడా లేదు. 2012 జూన్ 12న ఐదుగురు దళితులను చంపిన లక్ష్మీపేట అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలోనిదే. మద్దువలస రిజర్వాయరు భూముల మీద తగాదా అది. ఇక్కడి దళితుల గొంతు పార్లమెంటుకు చేరాలంటే జనరల్ సీటు ఎంపీని అడగడం తప్ప వేరే దగ్గరి దారి లేదు.

ఏం అడగాలన్నది కూడా తెలిసి అడగాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద బిల్లు పెట్టమంటే పని జరగదు, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉంది. దానికి ప్రశ్న, ప్రత్యేక ప్రస్తావన సరిపోతాయి. అట్రాసిటీ చట్టం కేంద్రానిది. 1989 చట్టం, 2015 సవరణ, 2018 ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాత ఆగస్టులో వచ్చిన సవరణ, అన్నీ ప్రభుత్వ బిల్లులే. అంటే మంత్రివర్గంలో కూర్చున్న మనిషికి అడగాల్సింది శుక్రవారం బిల్లు కాదు, కేబినెట్‌లో మాట. మందస, వజ్రపుకొత్తూరు వైపు విమానాశ్రయం ప్రతిపాదన ఆయన శాఖదే. భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్‌లో ఎస్సీ, ఎస్టీలకున్న ప్రత్యేక రక్షణలను అమలు చేస్తారా అన్నది నేరుగా ఆయనకు వేయదగిన ప్రశ్న.

ప్రైవేటు బిల్లే కావాలంటే మంత్రి కాని ఎంపీని వెతుక్కోవాలి. రాజ్యసభ సభ్యుడైతే ఒక లాభం ఉంది: అక్కడ పెట్టి, ఇంకా లోక్‌సభకు వెళ్లని బిల్లు లోక్‌సభ రద్దయినా బతికే ఉంటుంది. లోక్‌సభలో పెట్టింది మాత్రం రద్దుతో పోతుంది. పదోన్నతుల్లో రిజర్వేషన్ల 117వ సవరణ బిల్లు ప్రభుత్వానిదే అయినా అలాగే పోయింది. 2012 డిసెంబరులో రాజ్యసభలో నెగ్గి, లోక్‌సభలో ఉండగానే 2014లో మురిగిపోయింది. ఇవేవీ కుదరకపోతే పిటిషన్ దారి ఉంది. ఏ పౌరుడైనా రాసి, ఒక ఎంపీ చేత సంతకం పెట్టించి లోక్‌సభకు పంపవచ్చు. దాన్ని పిటిషన్ల కమిటీ పరిశీలిస్తుంది.