రవాంగ్ దారిలో తూటాల కథ

1949 మార్చి 1న కౌలాలంపూర్‌కి ఉత్తరాన, రవాంగ్ ఊరికి దగ్గర్లోని వాటర్‌ఫాల్ ఎస్టేట్ వద్ద పోలీసులు ఒక మనిషిని పట్టుకున్నారు. పేరు ఎస్.ఎ. గణపతి. తంజావూరు ప్రాంతపువాడు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేశాడు. ఆ తర్వాత అఖిల మలయా కార్మిక సంఘాల సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. అరెస్టు నాటికి ఆ సమాఖ్యను ప్రభుత్వం నిషేధించి చాలా నెలలైంది. ఆయన దగ్గర దొరికింది ఒక చేతి తుపాకి, 6 తూటాలు. ఎవరినైనా కాల్చినట్టు అభియోగం లేదు. తుపాకి దారిలో దొరికిందనీ, పోలీసులకు అప్పగించడానికే తీసుకెళ్తున్నాననీ ఆయన చెప్పుకున్నాడు. భారత ప్రభుత్వం క్షమాభిక్ష కోరింది. ఫలితం లేకపోయింది. మే 4న కౌలాలంపూర్ పుడు జైల్లో ఉరి తీశారు.

1948 జూన్‌లో మలయాలో బ్రిటిష్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ నిబంధనల కింద అనుమతి లేని తుపాకి పట్టుకు తిరిగితే మరణశిక్షే. అదే రోజుల్లో అమెరికాలో ఒక రైతు వంటింటి బల్ల మీద చేతి మర పెట్టుకుని, రాత్రి భోజనం అయ్యాక తన రివాల్వర్‌కి తానే తూటాలు కట్టుకునేవాడు. ఏ మందు పొయ్యాలి, ఏ ప్రైమర్ దిగ్గొట్టాలి అని స్నేహితులతో వాదులాడేవాడు. మలయాలో ఆ రెండు నిర్ణయాలూ మనిషి చేతిలో లేవు. ఒకటి వాతావరణం చేసింది, మిగతాది సర్కారు చేసింది. ఆ తేడా ఎలా వచ్చిందో చూడాలంటే ముందు తూటా విప్పి చూడాలి.

తూటాలో నాలుగే వస్తువులు. ఇత్తడి గుల్ల, దాని మూతిలో గుండు, లోపల మందు, అడుగున చిన్న గిన్నెలా ప్రైమర్. తుపాకి సూది వెళ్లి ప్రైమర్‌ని కొడితే అది నిప్పు పుట్టిస్తుంది, ఆ నిప్పుకి మందు అంటుకుంటుంది. కాల్చాక మిగిలేది గుల్ల. ఖరీదైన భాగం కూడా అదే, అందుకే దాన్ని ఏరుకొచ్చి మళ్లీ నింపుకునే అలవాటు పుట్టింది. ఆ అలవాటు ఒక దేశంలో పాతుకుపోయి మరో దేశంలో పాతుకోకపోవడానికి గుల్ల అడుగున ఉన్న చిన్న రంధ్రమే పెద్ద కారణం. 1866 ప్రాంతంలో రెండు రకాల ప్రైమర్లు వచ్చాయి. బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించినదానికి గుల్ల నడిమధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. లోపలి నుంచి సన్నని చువ్వతో నెడితే పాత ప్రైమర్ ఊడి వస్తుంది. అమెరికన్ హైరమ్ బర్డాన్ రూపొందించినదానికి పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలుంటాయి, ప్రైమర్ ఊడదీయడం పెద్ద తంటా. ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడిది యూరప్ సైన్యాల్లో స్థిరపడింది. ఇంటి బల్ల మీద తూటా కట్టుకోవడం అమెరికా అలవాటుగా మిగిలింది.

మొదట్లో ప్రైమర్‌లో పాదరసపు సమ్మేళనం వాడేవారు. నల్ల మందుగుండు రోజుల్లో అది పెద్దగా బాధపెట్టలేదు. పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిపిన ఆ మందు కాలితే బోలెడు మసి మిగులుతుంది, పాదరసం ఆ మసిలో కలిసిపోయేది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగలేని మందు కనిపెట్టాక మసి తగ్గింది, పాదరసం నేరుగా ఇత్తడిని తినడం మొదలుపెట్టింది. గుల్లలు పెళుసెక్కి రెండోసారి నింపితే చీలిపోయేవి. దాంతో పాదరసం తీసేసి పొటాషియం క్లోరేట్ వాడారు. ఇత్తడి దక్కింది, తుపాకి గొట్టానికి చేటు వచ్చింది. క్లోరేట్ కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, మన వంటింటి ఉప్పుకి దగ్గరి చుట్టం. గాలిలోని తేమను పట్టి లాక్కుంటుంది. పొడి వాతావరణంలో రెండు రోజులు ఆలస్యంగా తుడిచినా నడుస్తుంది. కౌలాలంపూర్‌లో ఏడాది పొడుగునా వాన, గాలిలో తేమ ఎప్పుడూ 80 శాతం చుట్టుపక్కలే. అక్కడ రాత్రి కాల్చి తుడవకుండా పడుకుంటే తెల్లారేసరికి గొట్టంలో తుప్పు. నూనె రాస్తే ఉప్పు పోదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే బ్రిటిష్ సైనికులు గొట్టంలో మరిగిన నీళ్లు పోసి, ఆరనిచ్చి, ఆపైన నూనె పట్టించేవారు. రివాల్వర్ అయితే ఆరు గదులూ అలాగే కడగాలి.

ఈ ఉప్పు బాధకు విరుగుడు 1928లో జర్మనీ నుంచి వచ్చింది. ఆర్‌డబ్ల్యుఎస్ అనే సంస్థ సీసం సమ్మేళనంతో సినాక్సిడ్ అనే ప్రైమర్ తెచ్చింది. ఇత్తడిని తినదు, ఇనుముకి తుప్పు పట్టించదు. ఆ సంస్థ తర్వాత డైనమిట్ నోబెల్ గూటికి చేరింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, రవాంగ్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక మందు. .38 స్పెషల్ రివాల్వర్ తూటా 19వ శతాబ్దం చివర్లో పుట్టింది. 1935లో స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కలిసి దాని గుల్లను అంగుళంలో ఎనిమిదో వంతు పొడిగించి .357 మాగ్నమ్ తెచ్చాయి. లోపల పట్టే మందు ఒక్కదాని కోసమే కాదు ఆ పొడుగు. బలహీనమైన పాత .38 రివాల్వర్‌లో కొత్త తూటా దూరకూడదు, దూరితే తూటా గదులున్న సిలిండర్ పగిలి మనిషి చేయి పోతుంది. ఆ మూడు మిల్లీమీటర్లు ఎన్ని చేతులు కాపాడాయో! అమెరికాలో ఐడహో పశువుల కాపరి, రచయిత ఎల్మర్ కీత్ ఏళ్ల తరబడి సొంతంగా తూటాలు కట్టి పరీక్షించాడు. ఒకసారి .45 రివాల్వర్ ఆయన చేతిలోనే పేలింది. దాంతో సిలిండర్ గోడ మందంగా ఉండే .44కి మళ్లాడు. ఆయన పట్టుదల వల్లే 1955 చివర్లో .44 మాగ్నమ్ పుట్టింది. ఆయనకి నచ్చిన మందు హెర్క్యులిస్ కంపెనీవారి 2400.

మాగ్నమ్‌కి నెమ్మదిగా కాలే మందు కావాలి. చితుకులు భగ్గుమని మండి ఆరిపోతాయి, దుంగ అంటుకోవడానికి సమయం పడుతుంది గానీ చాలాసేపు వేడినిస్తుంది. వేగంగా కాలే మందుతో అదే వేగం రాబడితే ఒత్తిడి ఒక్కసారిగా ఎగిసి ఉక్కు చీలుతుంది. నెమ్మది మందు గుండును గొట్టం పొడుగునా నెడుతూ పోతుంది. అయితే దుంగకి అగ్గిపుల్ల చాలదు. 1930లలో అమెరికాలో ఫ్రెడ్ ఓల్సెన్ కనిపెట్టిన గుండ్రటి గింజల మందుకు పైన పూత గట్టిగా ఉంటుంది, మామూలు ప్రైమర్ నిప్పుకి సరిగా అంటుకోదు. అందుకే ఎక్కువ మంట, ఎక్కువసేపు ఇచ్చే మాగ్నమ్ ప్రైమర్లు వచ్చాయి. కొన్ని మందుల విషయంలో పాళ్లు తగ్గించడం కూడా ప్రమాదమే. నిప్పు అందక గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, వెనకనుంచి రెండోది వచ్చి తగిలితే గొట్టం చీలుతుంది. మందు మార్చకుండా ప్రైమర్ ఒక్కటి మార్చినా ఒత్తిడి మారుతుంది. కంపెనీల పుస్తకాలు రెండింటినీ జంటగా చెప్పేది అందుకే. చెప్పిన జంట దాటి సొంత తెలివి వాడినవారి వేళ్లు పోయిన సంగతులు ఆ లోకంలో కోకొల్లలు.

వేడిదీ ఒక పాత్ర ఉంది. మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, ఏళ్ల తరబడి వేడిలో ఉంటే పొగలేని మందు లోలోపల కుళ్లి ఆమ్లం వదులుతుంది. 1907లో తూలాన్ ఓడరేవులో ఫ్రెంచి యుద్ధనౌక ఇయేనా పేలిపోవడానికి అలా పాడైన మందునే తప్పుపట్టారు. మనకు దగ్గర్లో నీలగిరుల అరువంకాడులో 20వ శతాబ్దం మొదట్లో కార్డైట్ అనే పొగలేని మందు కోసం పెట్టిన ఫ్యాక్టరీ ఇప్పటికీ ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే, మన పులికాట్ ఒడ్డున గెల్డ్రియా కోటలో 17వ శతాబ్దపు డచ్చివారు నల్ల మందుగుండు నూరి తూర్పు దీవులకు ఓడల్లో పంపారు. 1641లో మలక్కాను పోర్చుగీసుల నుంచి లాక్కున్నది ఆ డచ్చివారే. మలయ్ ప్రపంచానికి, మన తీరానికి మందుగుండు బంధం అంత పాతది.

రవాంగ్ పక్కన బాటు ఆరాంగ్ అనే బొగ్గు గనుల ఊరుంది. 1937లో అక్కడి గని కూలీలు సమ్మె కట్టి గనులను తమ చేతుల్లోకి తీసుకుంటే పోలీసులు, సైన్యం వచ్చి అణిచివేశారు. 1960లో గనులు మూతపడ్డాయి. 1969లో మలేషియా ప్రభుత్వం దేశంలో తూటాల తయారీ కోసం ఒక ఉమ్మడి సంస్థ పెట్టింది. అందులో స్విట్జర్లాండ్ నుంచి ఓర్లికాన్, జర్మనీ నుంచి డైనమిట్ నోబెల్ భాగస్వాములు. తేమకు తుప్పు పట్టించని ప్రైమర్ తెచ్చిన ఆర్‌డబ్ల్యుఎస్‌ను కలుపుకున్న సంస్థ, గొట్టాలు తుప్పు పట్టే నేలకు వచ్చి చేరింది. ఎస్‌ఎంఈ ఆర్డ్‌నెన్స్ పేరుతో ఆ ఫ్యాక్టరీ బాటు ఆరాంగ్‌లోనే ఉంది. మలేషియా పోలీసులు దశాబ్దాలపాటు నడుముకి కట్టుకున్నది .38 స్పెషల్ రివాల్వర్. ఏ మందు, ఏ ప్రైమర్ అన్నది అధికారులు, ఇంజినీర్లు కలిసి తేల్చారు. ఇంట్లో బల్ల మీద కట్టుకునే ఊసే లేదు.

చట్టం అంత గట్టిగా నిలిచింది. స్వాతంత్ర్యం వచ్చినా 1960 నాటి అంతర్గత భద్రతా చట్టం భద్రతా ప్రాంతాల్లో తుపాకి, తూటాల మీద మరణశిక్షను కొనసాగించింది. 1977లో పెనాంగ్‌లో 14 ఏళ్ల కుర్రాడికి ఒక పిస్టల్, 20 తూటాలు దొరికాయని ఉరిశిక్ష వేశారు. ప్రపంచమంతా నివ్వెరపోయాక శిక్ష తగ్గించారు. 1971 నాటి తుపాకుల చట్టం ఇంకో అడుగు వేసి, నేరంలో తుపాకి పేల్చితే ఉరి, అక్రమంగా దగ్గర ఉంచుకుంటే 14 ఏళ్ల దాకా జైలు, బెత్తం దెబ్బలు అంది. కౌలాలంపూర్ వీధుల్లో తుపాకి చావులు అరుదు కావడానికి ఈ కాఠిన్యం కారణం అనేవారున్నారు. ఆ వాదనలో పస లేకపోలేదు. తుపాకి ముప్పు కూడా నిజమైనదే: 1974లో అదే నగరంలో పోలీసు ఐజీ అబ్దుల్ రహమాన్ హషీమ్‌ను పట్టపగలు కాల్చి చంపారు. అయినా ఆరు తూటాలకు గణపతి ప్రాణం తీయడం, కుర్రాడి మెడకు ఉరితాడు చూపడం న్యాయం అని నేను ఒప్పుకోలేను. అప్పటి కార్మిక నాయకుల కేసు దస్తావేజులు మలేషియా ప్రభుత్వం బయటపెట్టాలి. పేరాక్ రబ్బరు, కొబ్బరి తోటల్లో బతికిన మన తెలుగు కుటుంబాలు కూడా ఆ నిబంధనల కింద కంచెల మధ్య కాపురం చేశాయి. ఆ కాలపు సంగతి తెలుసుకునే హక్కు వాళ్ల మనవలకూ ఉంది.

2023 జూలై 4 నుంచి తప్పనిసరి మరణశిక్ష అక్కడ రద్దయింది. ఉరికి బదులు 30 నుంచి 40 ఏళ్ల జైలు వేసే వీలు న్యాయమూర్తికి వచ్చింది. అక్రమంగా తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడం మాత్రం ఇప్పటికీ పెద్ద నేరమే. ఇక్కడ లైసెన్సు ఆయుధం ఉండి, కౌలాలంపూర్ విమానం ఎక్కబోయేవారు సంచి అడుగున, కోటు జేబులో మర్చిపోయిన తూటా ఉందేమో ఇంట్లోనే వెతికి చూసుకోవాలి. అక్కడి తనిఖీలో కనబడితే, మర్చిపోయానన్న మాట విమానాశ్రయంలో పనికిరాదు.