ఆముదం నుంచి రెండు విడతల దాకా

వంగే గొట్టాన్ని పెద్దపేగు చివరిదాకా పంపి చూసే కొలనోస్కోపీకి 1969లో న్యూయార్క్ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా బాట వేశారు. గొట్టం కొత్తదైనా పేగును శుభ్రం చేసే తీరు పాతదే. బేరియం ఎక్స్‌రేల నాటి నుంచి వస్తున్న ఆముదం, ఎనిమాలు, రెండు మూడు రోజులు గంజి, పళ్లరసం లాంటి పలుచని ఆహారం. ఆముదం పట్టించడం తెలుగు ఇళ్లకూ కొత్త కాదు. అయితే కడుపు తేలికపడితే ఇంటివైద్యం నెగ్గినట్టే గానీ, పరీక్షకు అది చాలదు. గోడకు పలుచని జిగట పొర మిగిలినా దాని కింద చిన్న పిలక (పాలిప్) దాక్కుంటుంది.

1973లో ఉప్పునీటిని ముక్కు గొట్టం గుండా లీటర్ల కొద్దీ పంపే పద్ధతి వచ్చింది. పేగు కడిగినట్టయ్యేది కానీ, ఉప్పూ నీరూ ఒంట్లోకి ఇంకిపోయి గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ముప్పు తెచ్చేవి. మానిటాల్ అనే చక్కెర జాతి పదార్థాన్నీ వాడారు. పేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ పుట్టిస్తుంది. పిలకను కరెంటుతో కోసేటప్పుడు ఆ వాయువు పేలి ఒక రోగి చనిపోయిన ఘటనను 1979లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించారు.

అసలు మలుపు 1980లో వచ్చింది. జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు లవణాలు కలిపి ఒక ద్రావణం తయారుచేసింది. ఈ గ్లైకాల్ అణువు పెద్దది. పేగు దాన్ని పీల్చుకోదు, బ్యాక్టీరియా పులియబెట్టదు. లవణాల్లో సోడియం సల్ఫేట్‌ది పెద్ద పాలు కావడంతో సోడియం రక్తంలోకి జారడం బాగా తగ్గింది. తాగిన నీరు దాదాపు తాగినట్టే కిందికి దిగిపోతుంది. 'గోలైట్లీ' పేరుతో అమెరికాలో అమ్మిన ఈ మందు 4 లీటర్లు తాగాలి. పేరులోని తేలికదనం తాగేవారికి మాత్రం కనిపించలేదు.

ఆ మోత తప్పించుకోవడానికే 1990 తర్వాత చిన్న సీసాల సోడియం ఫాస్ఫేట్ వైపు జనం మొగ్గారు. కానీ దానివల్ల కొందరి మూత్రపిండాల్లో కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుని వాటిని దెబ్బతీసింది. 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక ఇచ్చింది.

తర్వాతి మెరుగుదల మందులో కన్నా వేళలో వచ్చింది. ముందురోజు సాయంత్రమే అంతా తాగేస్తే, రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యరసంతో కూడిన జిగురు దిగి కుడివైపు పేగు గోడకు అంటుకుంటుంది. సగం రాత్రి, సగం పరీక్ష రోజు తాగితే అది కూడా కొట్టుకుపోతుంది. శుభ్రతకు కొలత కూడా కుదిరింది. 2009 నాటి బోస్టన్ స్కేల్ పేగును మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులేస్తుంది. గోడ కనబడనంత మలం ఉంటే 0, అంతా తేటగా కనిపిస్తే 3. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి.

2014 నాటి అమెరికా మార్గదర్శకాలు రెండు విడతల పద్ధతినే సిఫారసు చేశాయి. రెండో విడత పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలై, కనీసం 2 గంటల ముందే ముగియాలి. ఉదయం 8 గంటలకు పరీక్ష ఉన్నవారు తెల్లవారుజామున 4 గంటలకైనా గ్లాసు పట్టాల్సిందే.