అంగడి నుండి త్రినేత్ర దాక

మేడ్చల్ దాపున నున్న రావల్కోల్ వంటి పల్లెలలో అంగడి యనగా వారమున కొకనాడు కూడు సంత. రాయలసీమ శ్రోతలకు అదే మాట నిత్యము తెరచియుండు దుకాణమును స్ఫురింపజేయును. సంత లేని దినములలో పల్లెకు దిక్కు కిరాణా దుకాణమే. అచ్చట బియ్యము, పప్పు, చింతపండు అన్నియు సేటు వెనుకనే యుండును. కొనువారు ముందు నిలిచి అడుగవలెను. అతడు సరకును ముట్టనీయకపోయినను, మనిషిని ఎరిగినవాడగుటచే పంట చేతికి వచ్చువరకు ఖాతాలో వ్రాసికొని అరువిచ్చును.

కొనువారే లోపలికి పోయి సరకును ఏరికొను పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ తన పిగ్లీ విగ్లీ దుకాణములో ప్రవేశపెట్టెను. మన దేశమున 1966లో రూపాయి విలువ తగ్గి ధరలు హెచ్చినప్పుడు ఢిల్లీలో సహకార పద్ధతిపై సూపర్ బజారు వెలసినది. హైదరాబాదులో 1986లో త్రినేత్ర, మరుసటి యేట రత్నదీప్ ఆరంభమైనవి. ఇవి ఈ ప్రాంతముననే పుట్టి పెరిగిన సంస్థలు. త్రినేత్రుడు శివుడు గదా! వర్తకుని మూడవ కన్ను మాత్రము ఎల్లప్పుడును లెక్కల పుస్తకముపైననే యుండునని మా ఊహ.

ఈ దుకాణములలో పప్పు ముందే తూచి పొట్లము కట్టబడియుండును; దానిపై ధర అచ్చువేయబడియుండును. బేరమాడుట లేదు. పెక్కు శాఖలకు కావలసిన సరకును ఒక్కసారిగా కొని, గోదాములో నుంచి, అచ్చటినుండి పంచుదురు. ఒక్కొక్క పొట్లముపై లాభము స్వల్పమే. అమ్మకము విస్తారమైననే గిట్టుబాటగును. కావున శాఖలు పెంచక తప్పదు, పెంచుటకు మూలధనము కావలెను. స్థానిక సంస్థల కథ ఇక్కడనే మలుపు తిరిగినది.

2007లో త్రినేత్ర ఆదిత్య బిర్లా వారి వశమయ్యెను. అప్పటికి దానికి 170కి పైగా శాఖలుండెను. తరువాత మోర్ అను పేరు వచ్చి, త్రినేత్ర నామము బోర్డులనుండి తొలగిపోయినది. 2018లో మోర్ సహితము సమారా, అమెజాన్ సంస్థలు పెట్టుబడి పెట్టిన కంపెనీకి విక్రయింపబడినది. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణములను 2016లో ఫ్యూచర్ సంస్థకు అమ్మ నిశ్చయించిరి; కొన్న ఆ సంస్థయే 2022లో దివాలా విచారణకు లోనయ్యెను. పేరు మారిన దుకాణములో పప్పు రుచి మారకపోవచ్చును గాని, ఏ సరకు కొనవలెనో నిర్ణయించు అధికారము దూరనగరములకు తరలిపోయినది. మాకు విచారము కలిగించునది ఇదియే. రత్నదీప్ మాత్రము తన పేరుతోనే నిలిచినది.

నాగపూరు రహదారియు, ఔటర్ రింగ్ రోడ్డును కలియు మేడ్చల్ పరిసరములలో నేడు పెద్ద పెద్ద గోదాములు లేచినవి. 2017లో జీఎస్టీ వచ్చిన పిమ్మట రాష్ట్రమున కొక చిన్న గోదాము నుంచుకొను అవసరము తగ్గి, రహదారుల ప్రక్కన విశాలమైనవి కట్టుటకు వ్యాపారులు మొగ్గిరి. ఒకనాడు జొన్న పండిన నేలల నడుమ ఇప్పుడు బియ్యపు మూటలు లారీల కెక్కుచున్నవి. అయినను విత్తనములకు పైకమంతయు వెచ్చించిన ఆషాఢమాసమున, రైతు ఇల్లాలు ఉప్పు పప్పులకై పోవునది సేటు ఖాతా యొద్దకే.